కుడి భుజం మీద బీమ్

బీమ్ గల్లీ మధ్యలో అడ్డంగా పడి ఉంది.

చంద్రభాగ ఒక్కతే దాన్ని ఇంట్లోంచి దొర్లించుకొచ్చి, గడప దాటించి వదిలేసింది. మగ్గం మీద పడుగు చుట్టే దుంగ అది. పురుగు పట్టిందని కార్ఖానాలో పక్కన పడేస్తే, కూతురి కోసం ఆమె భర్త పెంటప్ప ఇంటికి తెచ్చుకున్నాడు. సైకిళ్ళ మీద వచ్చేవాళ్ళు దిగి, సైకిల్ ఎత్తి దాన్ని దాటించుకుని పోతున్నారు. షోలాపూర్ భవానీ పేట్‌లో బీమ్ దారికి అడ్డంగా ఉండటం వింత కాదు. ఆడమనిషి దాన్ని వీధిలో పారేయడం వింత.

లెక్కల సార్ రామచంద్రం కూడా దాన్ని దాటుకునే వచ్చాడు. గడప దగ్గర చెప్పులు విడిచి, లోపలికి పోవాలో వద్దో తెలియక నిలబడ్డాడు. నాలుగు నెలలుగా ఆయన బడికీ మైదానానికీ తప్ప ఎక్కడికీ పోలేదు. ఎవరి ఇంటి గడపా తొక్కలేదు.

“రాండ్రి సార్. మీకోసమే చూస్తున్న,” అంది చంద్రభాగ, కూర్చున్న చోటు నుంచి లేవకుండా. ఒడిలో చాట ఉంది. చాటలో కత్తిరించిన ఆకు, తంబాకు. ఆమె కోపంతో సంబంధం లేనట్టు వేళ్ళు బీడీలు చుడుతూనే ఉన్నాయి. “మీ సామాన్ బయట ఏసిన. పోయేటప్పుడు తీస్కపోండ్రి.”

“అది నాది కాదు చెల్లె.”

“కట్టె మా ఆయనది. మాట మీది.”

రామచంద్రం లోపలికి వచ్చి చాప అంచున కూర్చున్నాడు. ఎదురుగా గోడవారగా యమున పక్కకు తిరిగి పడుకుని ఉంది. ఆమె నాయనమ్మ సీతాబాయి ఉప్పు మూట పెనం మీద వేడి చేసి, మనవరాలి కుడి తుంటి మీద పెట్టి తీస్తోంది. సార్‌ను చూసి యమున లేవబోయింది.

“పండుకో,” అన్నాడు ఆయన.

“పండుకునుడే ఉన్నది ఇగ,” అంది చంద్రభాగ. “జూన్‌ల ఎంత దూకింది సార్ ఈ పోరి?”

“నాలుగు నలభై మూడు.”

“మొన్న ఐతారం?”

ఆదివారం పార్క్ మైదానంలో టేపు పట్టుకున్నది రామచంద్రమే. యమున మూడుసార్లు దూకింది. రెండుసార్లు పరుగు ఎడమకు వంగిపోయి, కాలు పలక దాటి పడింది. మూడోసారి నాలుగు మీటర్ల ఐదు సెంటీమీటర్లు. వచ్చే ఆదివారం రాష్ట్ర పోటీలకు జిల్లా ఎంపిక. నాలుగు యాభై దూకినవాళ్ళ పేర్లే రాసుకుంటారు. పదిహేడు నిండినవాళ్ళను రానివ్వరు. యమునకు దీపావళికి నిండుతాయి. అంటే ఆమెకు ఉన్నది ఈ ఒక్క ఆదివారమే.

“జూన్‌ల దూకింది. ఇప్పుడు దూకుతలేదు. నడుమ ఏం జరిగింది? గా కట్టె ఎత్తుడొక్కటే జరిగింది,” అంది చంద్రభాగ. “లెక్కల సార్ మీరు. లెక్క నేను చెప్పాల్నా?”

“దూకేటప్పుడు నేలను తన్నాలె చెల్లె. ఎంత గట్టిగ తంతే మనిషి అంత దూరం పోతడు. తన్నే కాలుకు బలం కావాలె. ఉరికితే ఊపిరి పెరుగుతది గని అంత బలం రాదు. బరువు పెట్టుకొని కూసోని లేస్తే వస్తది. పుణేల పది దినాలు నేర్పిండ్రు మాకు. పెద్ద పెద్ద ఆటగాళ్ళంత చేస్తరు.”

“బరువు మోస్తే ఎగిరేటట్టుంటే మన టేషన్‌ల హమాలీలు అందరు ఈపాటికి పిట్టల్లెక్క ఎగురుతుండిరి.”

సీతాబాయి నవ్వు ఆపుకోలేకపోయింది. ఉప్పు మూట నోటికి అడ్డం పెట్టుకోబోయి, వేడి తగిలి దించుకుంది. యమున కూడా గోడవైపు మొహం తిప్పుకుని నవ్వింది.

“నవ్వుండ్రి, నవ్వుండ్రి. కుంటుకుంట వచ్చినప్పుడు ఏడ్సిందెవలు? నేనే గద,” అంది చంద్రభాగ. “మరి బలం వస్తే తగ్గుడేంది సార్? గది చెప్పుండ్రి.”

అదే రామచంద్రానికీ అర్థం కావడం లేదు. ఆదివారం నుంచి ఆ ప్రశ్నే ఆయనను వదలడం లేదు. పుణేలో రాసుకున్న నోటు పుస్తకం పెట్టె అడుగు నుంచి తీసి రెండుసార్లు చదివాడు. ‘బరువులు మొదలుపెట్టిన తొలి వారాల్లో వేగం తగ్గవచ్చు, కండ అలసి ఉంటుంది’ అని తన చేతిరాతలోనే ఉంది.

“మొదట్ల కొన్ని వారాలు తగ్గుతది. మళ్ళ పెరుగుతది.”

“ఎన్ని వారాలు?”

“అది రాసి లేదు.”

“తొమ్మిది వారాలాయె సార్.”

“ఇంకొక వారం చూద్దాం చెల్లె.”

ఆ మాట నోటి నుంచి వెళ్ళిన తర్వాత ఆయనకే వినిపించింది.

చంద్రభాగ వేళ్ళు ఆగాయి. సగం చుట్టిన బీడీ చాటలో పడేసింది. ఎప్పుడూ ‘మీరు’ అని తప్ప పిలవని మనిషి, నెమ్మదిగా అంది.

“లలితక్కకు గూడ గిదే అన్నవ్ గద సార్. వారం చూద్దాం అని.”

పక్క ఇంట్లో రేడియోలో మరాఠీ వార్తలు చదువుతున్నారు. వాన రాబోతోందని చెబుతున్నారు.

ఏప్రిల్‌లో రామచంద్రం భార్య లలితకు కడుపు నొప్పి వచ్చింది. వారం చూద్దాం, తగ్గుతుంది అన్నాడు. ఐదో రోజున రిక్షాలో ఎక్కించాడు. ఆమె తిరిగి రాలేదు. అంతకంటే చెప్పడానికి ఏమీ లేదు. ఆయన ఎవరికీ చెప్పలేదు కూడా. చంద్రభాగకు మాత్రం తెలుసు. పదేళ్ళు ఆమె, లలిత ఒకే అరుగు మీద కూర్చుని బీడీల ఆకు కత్తిరించారు.

“నోటికి తాళం లేదాయె నీకు,” అంది సీతాబాయి కోడలితో.

“అక్క నాకు గూడ అక్కనే అత్తా.” చంద్రభాగ చాట పక్కన పెట్టింది. కళ్ళు తుడుచుకోలేదు. తంబాకు చేతులతో కళ్ళు తుడుచుకోకూడదని ఆ ఇళ్ళలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. “నేను తప్పు పడుతలే. ఒక్కతే బిడ్డ నాకు. తుంటి పోతే ఏం జెయ్యాలె? కూసునే పని గూడ రాదు. బీడీలు చుట్టాలన్నా తొమ్మిది గంటలు కూసోవాలె.”

రామచంద్రం తల ఊపాడు. దేనికి ఊపాడో ఆయనకు తెలియదు.

అప్పుడే గల్లీలో పెంటప్ప గొంతు వినిపించింది. ఆ రోజు కార్ఖానాకు సెలవు. పాలు తేవడానికి పోయినవాడు, వాకిట్లో పడి ఉన్న బీమ్‌ను చూసి ఆగిపోయాడు.

“అరె, గిదేంది? కాయ్ ఝాలం? ఏమైంది? బండి ఎక్కితే కట్టె ఉంటదా పోతదా?”

పాల గిన్నె గడప మీద పెట్టి, తువ్వాలు మడిచి కుడి భుజం మీద వేసుకున్నాడు. వంగి, బీమ్ ఒక కొన పైకి లేపి, దాని కిందికి భుజం పోనిచ్చి, ఒక్క ఊపున లేచాడు. ఇరవై ఐదు కిలోల దుంగ ఆయన భుజం మీద పిల్లవాడిలా కూర్చుంది. తలుపు మూలకు తగలకుండా ఒంటిని తిప్పి లోపలికి వచ్చి, గోడకు చేర్చాడు.

“సార్ వచ్చిండా! చాయ్ వెట్టలేదా ఇంకా?”

“చాయ్ కాదు, చీవాట్లు పెట్టిన,” అంది చంద్రభాగ. “మళ్ళ తెచ్చినవా లోపటికి?”

“నాకు అన్నం పెట్టే సామాన్ వీధిల ఏస్తవా? బీమ్ ఎత్తుడు తప్పయితే నేను ఇరవై ఆరేండ్ల సంది తప్పే చేస్తున్న. నాకేమైంది?”

రామచంద్రం పెంటప్పను చూస్తూ ఉండిపోయాడు. బీమ్ ఎత్తిన తీరు ఆయన కళ్ళ ముందు నుంచి పోవడం లేదు.

“పెంటప్పా, యమునకు ఎత్తుడు నువ్వే నేర్పినవా?”

“నేను గాక ఎవలు నేర్పుతరు? బీమ్ ఎత్తుడు నాకు చెప్పాల్నా సార్? నువ్వే అంటివి గద, బరువు మోసుడు మీకంటే నాకెక్కువ తెలుసా అని.”

అన్నాడు. నిజమే. జూన్ చివర, బడి గేటు దగ్గర నిలబడి తనే అన్నాడు. బరువు పెట్టుకుని కూర్చుని లేవడం: పన్నెండు బైఠక్‌లు, మూడు విడతలు, వారానికి మూడు రోజులు, రోజు విడిచి రోజు. అంతా ఒక కాగితం మీద రాసి పెంటప్ప చేతికి ఇచ్చాడు. ఇంటికి వచ్చి ఒకసారి చూడమని పెంటప్ప రెండుసార్లు పిలిచాడు. రేపు వస్తాను అన్నాడు రామచంద్రం. ఈ ఇంట్లోకి వస్తే ఎదురుగా ఆ అరుగు కనిపిస్తుంది. అందుకే రాలేదు.

“యమునా, ఎట్ల ఎత్తుతవో చూపియ్యి. బీమ్ వద్దు. చుట్టిన చాప చాలు.”

“తొమ్మిది వారాల సంది అడగనోళ్ళు ఇయ్యాల అడిగిండ్రు,” అంది చంద్రభాగ. కానీ లేచి చాప తనే చుట్టి ఇచ్చింది.

యమున తుంటి పట్టుకుని లేచింది. తువ్వాలు మడిచి కుడి భుజం మీద వేసుకుంది. అచ్చం తండ్రిలాగే ఒంటిని ఒక పక్కకు వంచి, చాప చుట్టను కుడి భుజం మీదికి ఎత్తుకుంది. కుడి చేత్తో దాన్ని పట్టుకుని, ఎడమ చేయి మోకాలి మీద ఆనించి, కూర్చుని లేచింది.

“ఇంకోసారి.” రామచంద్రం ఆమె వెనక్కి పోయి నిలబడ్డాడు.

లేచేటప్పుడు నడుము కుడి పక్కకు జరిగింది. ఎడమ మడమ నేల మీద ఉందో లేదో అన్నట్టు ఉంది. చాప బరువుకే అట్లా ఉంటే, ఇరవై ఐదు కిలోలకు ఎట్లా ఉంటుందో ఆయన ఊహించుకున్నాడు. తొమ్మిది వారాలు. తొమ్మిది వందలకు పైగా బైఠక్‌లు. అన్నీ ఒకే కాలు మీద.

“ఎప్పుడు గీ భుజమేనా?”

“అవ్ సార్.”

“ఒక్కసారి గూడ ఎడమ భుజం మీద ఎత్తలేదా?”

యమున తండ్రి వైపు చూసింది.

“ఎడమ దాని మీద ఎత్తది,” అన్నాడు పెంటప్ప.

“ఎందుకు?”

“మేం ఎత్తం. బీమ్‌కు ఇద్దరు మనుషులు భుజం ఇయ్యాలె. ఒకడు కుడి, ఒకడు ఎడమ అయితే బీమ్ నడుస్తదా? అందుకే అందరిదీ కుడి.”

“ఈమె ఒక్కతే ఎత్తుతది గద.”

పెంటప్ప పాల గిన్నె తెచ్చి రెండో పొయ్యి మీద పెట్టి వచ్చాడు. తర్వాత నేల చూస్తూ అన్నాడు.

“ఎడమ భుజం మీద ఏం మోస్తమో నీకెర్క లేదా సార్? ఏప్రిల్‌ల నేను నీ పక్కపొంటి నడవలేదా? మా అయ్య చెప్పిండు. బతుకుదెరువు కుడి మీద, ఆఖరి బరువు ఎడమ మీద. ఆ భుజం దానికే ఇడువాలె. నా పిల్ల దాని మీద ఏం పెట్టది.”



రామచంద్రానికి ఆ రోజు గుర్తుంది. పాడె ముందు కొన దగ్గర పెంటప్ప. ఏ భుజం ఇచ్చాడో ఆ రోజు చూడలేదు. ఇప్పుడు చూస్తున్నాడు. బనియన్ మీద ఉన్న పెంటప్ప కుడి భుజం ఎడమదాని కంటే రెండు వేళ్ళ మందం కిందికి ఉంది. మెడ కూడా కొద్దిగా అటే వాలి ఉంది. ఇరవై ఏళ్ళుగా చూస్తున్న మనిషి. అది ఆయన నిలబడే తీరు అనుకున్నాడు.

“పెంటప్పా, గోడకు ఆనుకొని నిలబడు.”

“ఎందుకు?”

“నిలబడు ఒకసారి.”

పెంటప్ప నిలబడ్డాడు. చంద్రభాగ చూసింది. చూసి, ఎవరితోనూ కానట్టు అంది. “అంగీ ఎప్పుడు ఒక దిక్కు జారుతది. ఇన్నేండ్లు దర్జీని తిడుతుంటి.”

“అయితే ఏందే?” అన్నాడు పెంటప్ప. “గీ గల్లీల అందరు గిట్లనే ఉంటరు.”

“నీ అయ్య గూడ గట్లనే ఉండె,” అంది సీతాబాయి. “సచ్చినంక గూడ చాప మీద సరిగ్గ పండుకోలె ముసలోడు. ఎడమ భుజం దానికే ఇడువాలె అన్నడా? అంటడు. మాటలు చెప్పుమంటే బాగ చెప్తుండె. నిన్ను ఎత్తుకొని సిరిసిల్ల కెళ్ళి షోలాపూర్ దాక వచ్చిందెవలురా? నేను. ఏ భుజం మీద పండినవ్? ఎడమ దాని మీద. కుడి చేతిల మూట ఉండె. అప్పుడు నువ్వు సావువా, బతుకువా?”



“ఆడోళ్ళ లెక్క వేరే,” అన్నాడు పెంటప్ప.

“మరి గది ఆడపిల్లనే గదరా,” అంది ముసలామె, ఉప్పు మూట మళ్ళీ పెనం మీద పెడుతూ.

ఈసారి ఎవరూ నవ్వలేదు. నవ్వాలని యమునకు అనిపించింది. తండ్రి మొహం చూసి ఆగిపోయింది.

రామచంద్రం నేల మీద కూర్చున్నాడు. చెప్పాల్సింది చెప్పేశాడు.

“తప్పు బరువుది కాదు చెల్లె. పెంటప్పది కూడ కాదు. కాగితం రాసిచ్చి నేను చూడలేదు. బలం వచ్చింది. అంత కుడి కాలుకే వచ్చింది. యమున దూకేటప్పుడు తన్నేది ఎడమ కాలుతోని. దానికి ఏం రాలేదు. ఒక కాలు గట్టిగ, ఒక కాలు పల్చగ అయ్యేసరికి పరుగు వంగుతున్నది. బరువంత ఒక్క తుంటి మీద పడి అది నొస్తున్నది. మెడ వెనక, రెండు భుజాల మీద సమంగ పెట్టుకొని ఎత్తాలె.”

“సరే, తప్పు దొరికింది గద,” అంది చంద్రభాగ. “ఎన్ని దినాలల్ల సక్కగైతది?”

“రెండు నెలలు. ముందుగాల నొప్పి పోవాలె.”

“ఐతారానికి ఐదు దినాలు.”

“అవును.”

“అంటే నేనే చెడగొట్టిన్నా?” అన్నాడు పెంటప్ప. అందరి వైపూ చూశాడు. ఆయన పోయి బీమ్ పక్కన కూర్చుని, పురుగు తిన్న చోట గోటితో గీకసాగాడు.

“రేపు పొద్దుగాల డాక్టరుకు చూపిద్దాం,” అన్నాడు రామచంద్రం. “హోట్గి రోడ్డు దిక్కు ఎముకల డాక్టరు ఉన్నడు. నేను బడికి సెలవు పెడుత. వారం ఆగేది లేదు.”

చంద్రభాగ ఆయన వైపు చూసింది. పాలు పొంగుతున్నాయని లేచి పోయింది.

అప్పటిదాకా మాట్లాడని యమున, గోడకు ఆనుకుని నిలబడే అడిగింది.

“సార్, కుడి కాలుకు బలం వచ్చిందంటిరి గద?”

“వచ్చింది.”

“మరి కుడి కాలుతోనే తంతే?”

ఏళ్ళ తరబడి ఒక కాలితో తన్నిన పిల్ల ఐదు రోజుల్లో కాలు మార్చుకోవడం రామచంద్రం ఎక్కడా వినలేదు. పరుగు లెక్క మారుతుంది. గాలిలో ఒళ్ళు తిరిగే తీరు మారుతుంది. నోటు పుస్తకంలో దాని గురించి ఒక్క ముక్క లేదు. కాకపోతే, తప్పని కూడా ఎక్కడా లేదు.

“నొస్తున్నది గూడ ఆ కాలే గద తల్లీ.”

“బలమున్నదీ అదే గద సార్.”

“డాక్టరు చూసినంక...”

“డాక్టరు వద్దంటడు. నాకెర్కనే. ఆయన వద్దంటే ఆగుత. ఒట్టు. గని వద్దనక ముందు ఒక్కసారి దూకి చూస్త. ఒక్కటే. ఇయ్యాల.” “దూకితే ఎంత పోతుంటినో గూడ తెల్వకుండ ఇంట్ల కూసోవాల్నా?”

పెంటప్ప తల ఎత్తి సార్ వైపు చూశాడు. పొయ్యి దగ్గర నుంచి చంద్రభాగ చూసింది. సీతాబాయి కూడా చూసింది.

పోనీ అనడానికి ఆయనకు ధైర్యం లేదు. వద్దు అనడానికి, తొమ్మిది వారాలు తను రాసిచ్చిన కాగితం పట్టుకుని ఎత్తిన పిల్ల ముందు నోరు రాలేదు.



యమున చెప్పులు వేసుకుంది.

మైదానానికి చేరేసరికి ఐదు దాటింది. మధ్యాహ్నం ఒక జల్లు పడిపోయింది. పరుగు దారి మెత్తగా ఉంది. పెంటప్ప, చంద్రభాగ ఇద్దరూ వచ్చారు. చంద్రభాగ ఆ మైదానంలో అడుగు పెట్టడం అదే మొదటిసారి. కొంగు నడుముకు బిగించి, ఎక్కడ నిలబడాలో తెలియక భర్త పక్కన నిలబడింది.

“గింత జాగ ఒక్క దూకుడుకా?” అంది.

యమున రెండుసార్లు నెమ్మదిగా ఉరికింది. రామచంద్రం వంగి మట్టిలో పడిన అడుగులు చూశాడు. కుడి వేళ్ళ గుర్తులు లోతుగా ఉన్నాయి. ఎడమవి పైపైన ఉన్నాయి. అడుగుల వరుస ఎడమకు వంగింది. పెంటప్ప కూడా వచ్చి చూశాడు. చాలాసేపు చూశాడు.

“పడుగు ఒక దిక్కు బిగుసుకొని ఒక దిక్కు వదులైతే, గుడ్డ గిట్లనే వంకర పోతది సార్,” అన్నాడు. “నేను మగ్గం మీద చూస్త. పిల్ల మీద చూడలె.”

“నేను కూడ చూడలే,” అన్నాడు రామచంద్రం.

కాలు మారాలంటే పరుగు ఒక అడుగు వెనక నుంచి మొదలుకావాలి. ఆయన పాత గుర్తుకు వెనక ఒక రాయి పెట్టాడు. యమున రాయి దగ్గర నిలబడింది. ఉరికింది. పలక దగ్గరకు వచ్చి, ఏ కాలో తోచక ఆగిపోయి ఇసుకలోకి నడిచింది.

“ఒక్కటే అన్నవ్,” అంది చంద్రభాగ.

“దూకలే గదమ్మా. నడిసిన.”

మళ్ళీ రాయి దగ్గరకు పోయింది. ఈసారి చాలాసేపు నిలబడింది. పెదవులు కదులుతున్నాయి. అడుగులు లెక్కపెట్టుకుంటోంది. రామచంద్రం ఆమె కుడి తుంటినే చూస్తున్నాడు. ఇప్పుడైనా చెయ్యి ఎత్తి ఆపవచ్చు. చెయ్యి ఎత్తలేదు.

యమున ఉరికింది. చివరి మూడు అడుగులూ తిన్నగా పడ్డాయి. కుడి కాలు పలకను తన్నిన చప్పుడు గోడ దాకా వినిపించింది. ఆమె లేచింది. ఒంటికి అలవాటు లేని పక్కకు చేతులు విసురుకుంటూ, అందం లేకుండా, కానీ తిన్నగా పోయి ఇసుకలో పడింది.

“టేపు పట్టు చెల్లె. అగో, గా గుర్తు దగ్గర,” అన్నాడు రామచంద్రం.

చంద్రభాగ టేపు కొన పట్టుకుని, ఇసుకలో కూతురి పక్కన వంగింది. ఆయన టేపు లాక్కుంటూ పలక దగ్గరకు వచ్చి, గొంతు కూర్చుని చూశాడు. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు.

“ఎంత సార్?” యమున ఇసుకలోంచే అరిచింది.

అంకె ఆయన ఒక్కడికే కనిపిస్తోంది. నాలుగు ముప్పై అని ఆయన అంటే ఎవరూ వచ్చి చూడరు. యమున ఏడుస్తుంది. పొద్దున డాక్టరు దగ్గరకు వస్తుంది. డాక్టరు వద్దంటే ఆగుతుంది. చంద్రభాగకు బిడ్డ తుంటి దక్కుతుంది. ఒక్క మాట. మంచికోసమే.

మంచికోసమని ఒక మాట ఏప్రిల్‌లో కూడా అన్నాడు.

“సార్, ఎంత?”

“నాలుగు యాభై ఎనిమిది.”

పెంటప్ప కేకపెట్టాడు. మైదానం అవతల ఆడుకుంటున్న పిల్లలు ఆగి ఇటు చూశారు.

“అంటే? సరిపోయిందా? తక్కువైందా?” చంద్రభాగ టేపు కొన వదలకుండానే ఒకరి తర్వాత ఒకరిని చూస్తూ అడిగింది. “ఎవలన్న చెప్పుండ్రి!”

యమున నవ్వుతోంది. జుట్టు నిండా ఇసుక. నవ్వుతూనే తల్లి భుజం పట్టుకుని లేచి నిలబడింది.

కుడి కాలు మాత్రం కింద ఆనించలేదు.